ఎత్తుల ఆటలు – ఎన్నికల లెక్కలు

ఢిల్లీలోని ఒక కళాశాల విద్యార్థులు కంప్యూటర్ ఆటల పోటీ ఒకటి నిర్వహించాలని అనుకున్నారని ఊహించుకుందాం. ఆటకు ఇతివృత్తం అమెరికా అధ్యక్ష ఎన్నిక. ఇద్దరు ఆటగాళ్లు ఇద్దరు అభ్యర్థుల స్థానంలో ఉంటారు. ఏ రాష్ట్రంలో ఎంత ప్రచారం చేయాలో, ఏ రాష్ట్రాన్ని వదులుకోవాలో నిర్ణయించుకుంటూ ఒకరిపై ఒకరు ఎత్తులు వేస్తారు. ఒక ఆటగాడు ఘజియాబాద్‌లో, మరొకడు గుర్‌గావ్‌లో, ఇంకొక అమ్మాయి హైదరాబాద్‌లో ఎవరింట్లో వారు కూర్చుని ఇంటర్నెట్ ద్వారా ఆడతారు.

ఇది వినడానికి సులువుగానే ఉంటుంది. కాని పోటీ ప్రకటన అంటించిన మర్నాటి నుంచే ప్రశ్నలు మొదలవుతాయి. ఎవరితో ఎవరు ముందు ఆడాలి? ఇద్దరికీ సమానంగా ఓట్లు వస్తే ఎవరు గెలిచినట్లు? ఆట మధ్యలో కనెక్షన్ పోతే ఓడినట్లా, మళ్లీ ఆడాలా? ఈ మూడు ప్రశ్నలూ కొత్తవి కావు. అమెరికా రాజ్యాంగ నిర్మాతలు, చదరంగ పోటీల నిర్వాహకులు, గణిత శాస్త్రజ్ఞులు 200 సంవత్సరాలకు పైగా వీటితో కుస్తీ పడుతూనే ఉన్నారు. వారి అనుభవాలను చూస్తే, గెలుపు ఆటగాడి తెలివి మీద ఎంత ఆధారపడుతుందో నిబంధన మీద కూడా అంతే ఆధారపడుతుందని తెలుస్తుంది.

ఒకే తీగ మీద రెండు వార్తలు

దూరంగా ఉన్నవారు విద్యుత్తు సాయంతో ఆడుకోవడం ఇంటర్నెట్‌తో మొదలైందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ కథ తంతి యంత్రంతో ప్రారంభమైంది. ఆశ్చర్యకరమైన సంగతేమిటంటే, అమెరికా ఎన్నికల వార్తలనూ చదరంగం ఎత్తులనూ మొదట మోసుకెళ్లింది ఒకే తీగ.

శామ్యూల్ మోర్స్ 1844లో వాషింగ్టన్, బాల్టిమోర్ నగరాల మధ్య సుమారు 60 కిలోమీటర్ల పొడవున తంతి మార్గాన్ని నిర్మించాడు. ఆ సంవత్సరం అధ్యక్ష ఎన్నిక జరగవలసి ఉంది. ప్రధాన పార్టీల మహాసభలు బాల్టిమోర్‌లోనే జరిగాయి. మే 1న విగ్ పార్టీ తన అభ్యర్థులను ఎంపిక చేసుకునే నాటికి తీగ ఇంకా బాల్టిమోర్ దాకా చేరలేదు. వార్తను రైలులో తీగ చివరి వరకు తెచ్చి, అక్కడి నుంచి వాషింగ్టన్‌కు తంతి ద్వారా పంపారు. రైలు కంటే వార్త ముందు చేరింది!

అదే నెల చివర్లో డెమొక్రటిక్ పార్టీ సైలస్ రైట్‌ను ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఎన్నుకుంది. ఆయన వాషింగ్టన్‌లో ఉన్నాడు. తనకు ఇష్టం లేదని తంతి ద్వారా జవాబు పంపాడు. బాల్టిమోర్‌లోని ప్రతినిధులు ఆ జవాబును నమ్మలేదు. అది నిజంగా రైట్ మాటేనా అని తెలుసుకోవడానికి మనుషులను వాషింగ్టన్‌కు పంపించారు. తీగ అవతలి చివర ఉన్నది ఎవరు, ఆ మాటను నమ్మవచ్చా అనే సందేహం ఇంటర్నెట్‌తో పుట్టలేదని గమనించండి.

ఆ ఏడాది నవంబరులో అదే తీగ మీద రెండు నగరాల ఆటగాళ్లు చదరంగం ఆడారు. గళ్లకు అంకెలు ఇచ్చి, ఏ గడిలోని పావు ఏ గడికి వెళ్లిందో అంకెలతో తెలియజేశారు. తంతి యంత్రం పొరపాటు లేకుండా పని చేస్తుందని ప్రజలకు చూపించడానికి ఈ ఆటలు ఉపయోగపడ్డాయి. ఎందుకంటే చదరంగంలో ఒక్క అంకె తప్పు చేరినా ఆట మొత్తం చెడిపోతుంది. తప్పు వెంటనే బయటపడుతుంది కూడా.

మన దేశంలో తంతి సేవ 2013 జూలైలో ముగిసింది. ఇవాళ్టి విద్యార్థుల్లో టెలిగ్రామ్ అందుకున్నవారు ఎవరూ ఉండకపోవచ్చు. కాని ఆన్‌లైన్ ఆటలకు ముత్తాత మాత్రం అదే.

538 ఓట్ల ఆట

ఇక ఇతివృత్తం సంగతి చూద్దాం. అమెరికా ఎన్నిక వ్యూహాత్మక క్రీడకు బాగా సరిపోవడానికి కారణం ఆ దేశం అనుసరించే ఎలక్టోరల్ కాలేజీ పద్ధతి. అక్కడ ప్రజల ఓట్లను దేశం మొత్తం మీద కూడి విజేతను ప్రకటించరు. ప్రతి రాష్ట్రానికీ కొందరు ఎలక్టర్లు ఉంటారు. ప్రతినిధుల సభలో ఆ రాష్ట్రానికి ఎన్ని స్థానాలున్నాయో వాటికి సెనేట్‌లోని రెండు స్థానాలను కలిపితే ఆ సంఖ్య వస్తుంది. మొత్తం 435, 100, రాజధాని వాషింగ్టన్‌కు 3, వెరసి 538. గెలవడానికి 270 కావాలి. 48 రాష్ట్రాలలోనూ రాజధానిలోనూ ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా అక్కడి ఎలక్టర్లందరూ ఆ అభ్యర్థికే దక్కుతారు. మెయిన్, నెబ్రాస్కా రాష్ట్రాలు మాత్రం కొందరు ఎలక్టర్లను జిల్లాల వారీగా పంచుతాయి.

దీని ఫలితం ఏమిటి? ఒక రాష్ట్రాన్ని భారీ ఆధిక్యంతో గెలిచినా, అతి స్వల్ప తేడాతో గెలిచినా లాభం ఒకటే. అనవసరంగా ఎక్కువ ఖర్చు పెట్టిన చోట బలం వృథా అవుతుంది. ఫ్రెంచి గణిత శాస్త్రజ్ఞుడు ఎమిల్ బోరెల్ 1921లో ఇలాంటి సమస్యనే పరిశీలించాడు. ఇద్దరు సేనానులు తమ సైన్యాన్ని కొన్ని యుద్ధరంగాల మధ్య పంచుకోవాలి. ఎక్కడ ఎవరి సైన్యం ఎక్కువగా ఉంటే ఆ రంగం వారిది. ఎక్కువ రంగాలు గెలిచినవాడే విజేత. దీనిని తర్వాతి కాలంలో ‘కల్నల్ బ్లాటో’ ఆట అన్నారు. యుద్ధరంగాలకు బదులు రాష్ట్రాలు అని చదువుకుంటే ఇది ఎన్నికల ప్రచారమే.

538 సరిసంఖ్య కాబట్టి 269–269 వచ్చే వీలుంది. అప్పుడు ప్రతినిధుల సభ అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటుంది. అయితే సభ్యులు విడివిడిగా కాక, రాష్ట్రానికి ఒక ఓటు చొప్పున వేస్తారు. జనాభాలో ఎంతో తేడా ఉన్న కాలిఫోర్నియాకూ వయోమింగ్‌కూ అప్పుడు సమాన హోదా!

సమాన ఓట్ల సమస్య ఊహాజనితమైనది కాదు. 1800 నాటి ఎన్నికలో థామస్ జెఫర్సన్‌కు, ఆరన్ బర్‌కు చెరి 73 ఓట్లు వచ్చాయి. వారిద్దరూ ఒకే పార్టీవారు. పార్టీ దృష్టిలో జెఫర్సన్ అధ్యక్ష అభ్యర్థి, బర్ ఉపాధ్యక్ష అభ్యర్థి. కాని అప్పటి నిబంధన ప్రకారం ప్రతి ఎలక్టరూ ఇద్దరికి ఓటు వేయాలి. ఏ ఓటు ఏ పదవికో చెప్పే వీలు లేదు. దానితో సమస్య ప్రతినిధుల సభకు వెళ్లింది. 1801 ఫిబ్రవరి 17న 36వ సారి ఓటింగు జరిపాక గాని జెఫర్సన్ గెలవలేదు. ఆ అనుభవం తర్వాత రాజ్యాంగానికి 12వ సవరణ చేశారు. 1804 నుంచి రెండు పదవులకూ వేర్వేరుగా ఓటు వేస్తున్నారు. నిబంధనను రాసినవారు మేధావులే. అయినా రెండు పదవులకు ఒకే పార్టీ జంటగా అభ్యర్థులను నిలబెడుతుందని వారు ముందుగా ఊహించలేదు.

కంప్యూటర్ ప్రవేశం

ఎన్నికల లెక్కలోకి కంప్యూటర్ 1952లో ప్రవేశించింది. నవంబరు 4 రాత్రి సి.బి.ఎస్. టెలివిజన్ సంస్థ ఫలితాలను అంచనా వేయడానికి యూనివాక్ కంప్యూటర్‌ను ఉపయోగించింది. కొద్ది శాతం ఓట్లు మాత్రమే లెక్కించినప్పుడే ఐసెన్‌హోవర్‌కు 438, స్టీవెన్సన్‌కు 93 ఎలక్టోరల్ ఓట్లు వస్తాయని యంత్రం చెప్పింది. పోటీ హోరాహోరీగా ఉంటుందని అప్పటిదాకా అందరూ అనుకుంటున్నారు. అందువల్ల ఆ అంకెలను వెంటనే ప్రసారం చేయడానికి జంకారు. చివరికి వచ్చిన ఫలితం 442–89. యంత్రం ముందే సరిగా చెప్పిందని ఆ తర్వాత ప్రేక్షకుల ముందు ఒప్పుకోవలసి వచ్చింది.

ఎన్నికను అంకెల నమూనాగా మార్చవచ్చని తేలాక, ఆ నమూనాతో ఆడుకోవడం ఎంతో దూరంలో లేదు. ఇళ్లలోకి చిన్న కంప్యూటర్లు వచ్చిన తొలి రోజుల్లోనే, 1981లో, అమెరికాలో ‘ప్రెసిడెంట్ ఎలెక్ట్’ అనే ఆట యాపిల్ 2 కంప్యూటర్ మీద విడుదలైంది. ఆటగాళ్లు తమ ప్రచార బలాన్ని రాష్ట్రాల మధ్య పంచుకుంటూ 270 చేరాలి. ఇవాళ మన విద్యార్థులు ఎంచుకునే ఆట ఏదైనా దాని మూలసూత్రం ఇదే.

మూడు వ్యూహాలు – ముగ్గురు విజేతలు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఎవరు ఎవరితో ముందు ఆడాలి? దీనికి ఒక చిన్న ప్రయోగం చేద్దాం. కాగితం, పెన్సిలు చాలు.

ఒకే విలువ గల మూడు రాష్ట్రాలు ఉన్నాయనుకోండి. ప్రతి ఆటగాడి దగ్గరా 12 పాళ్ల ప్రచార బలం ఉంది. రవి దానిని సమానంగా 4–4–4గా పంచాడు. సల్మా మూడో రాష్ట్రాన్ని వదిలేసి 6–6–0 పెట్టింది. జాన్ 8–3–1 పెట్టాడు.

సల్మా, రవి ఆడితే మొదటి రెండు రాష్ట్రాలలో 6 పాళ్లు 4 పాళ్లను ఓడిస్తాయి. సల్మా గెలుస్తుంది. జాన్, సల్మా ఆడితే మొదటి రాష్ట్రంలో 8కి 6, మూడో రాష్ట్రంలో 1కి 0. జాన్ గెలుస్తాడు. రవి, జాన్ ఆడితే రెండో రాష్ట్రంలో 4కి 3, మూడో రాష్ట్రంలో 4కి 1. రవి గెలుస్తాడు. అంటే సల్మా రవి కంటే మెరుగు, జాన్ సల్మా కంటే మెరుగు, రవి జాన్ కంటే మెరుగు! ముగ్గురిలో ఎవరు గొప్ప అన్న ప్రశ్నకు అసలు జవాబే లేదు.

ఈ ముగ్గురికీ నాకౌట్ పోటీ పెట్టి చూడండి. ఒకరికి మొదటి రౌండు ఆడకుండానే ముందుకు వెళ్లే అవకాశం, అంటే ‘బై’, ఇవ్వాలి. జాన్‌కు బై ఇస్తే మిగిలిన ఇద్దరిలో సల్మా గెలుస్తుంది, ఆమెను జాన్ ఓడిస్తాడు. రవికి బై ఇస్తే జాన్ ముందుకు వస్తాడు, అతణ్ణి రవి ఓడిస్తాడు. సల్మాకు ఇస్తే సల్మాదే కప్పు. ఎవరికి బై ఇస్తే వారే విజేత! ఆటగాళ్లు ఎత్తు మార్చలేదు. చీటీ తీసిన చెయ్యే విజేతను నిర్ణయించింది. పోనీ, అందరితో అందరూ ఆడే లీగ్ పద్ధతి పెడితే ముగ్గురికీ తలా ఒక గెలుపు, ఒక ఓటమి. మళ్లీ మొదటికే వచ్చాం.

ఇలాంటి చక్రం ఓటింగులో కూడా ఏర్పడగలదని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కోందోర్సే 1785లోనే చూపించాడు. ముగ్గురు అభ్యర్థులు ఉన్నప్పుడు మెజారిటీ ఓటర్లు మొదటివాణ్ణి రెండోవాడి కంటే, రెండోవాణ్ణి మూడోవాడి కంటే, మూడోవాణ్ణి మొదటివాడి కంటే ఇష్టపడవచ్చు. ప్రతి ఓటరూ ఆలోచించే ఓటు వేసినా ఈ చిక్కు రావచ్చు. అంటే తప్పు ఓటర్లది కాదు, ఆటగాళ్లది కాదు. చిక్కు లెక్కలోనే ఉంది. అందువల్ల ఎవరికి బై ఇస్తారో, ఏ ప్రాతిపదిక మీద ఇస్తారో పోటీకి ముందే అందరికీ తెలియాలి. తర్వాత చెబితే ఎంత నిజాయితీగా చేసినా అనుమానం మిగులుతుంది.

న్యూఢిల్లీ, వాషింగ్టన్: 2000

2000 సంవత్సరం చివరి వారాల్లో ప్రపంచం రెండు పోటీలను గమనించింది. ఒకటి న్యూఢిల్లీలో, రెండోది అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో.

అంతర్జాతీయ చదరంగ సమాఖ్య, అంటే ఫిడే, ప్రపంచ చాంపియన్‌షిప్‌ను నవంబరు 27న న్యూఢిల్లీలో ప్రారంభించింది. పురుషులకూ స్త్రీలకూ ప్రవేశమున్న ప్రధాన విభాగంలో 100 మంది ఆటగాళ్లు. నాకౌట్ పద్ధతి. ఇందులో మొత్తం ఎన్ని పోటీలు జరగాలి? రౌండు రౌండుకూ లెక్క వేయనక్కరలేదు. ప్రతి పోటీలో ఒకరు నిష్క్రమిస్తారు. చివరకు ఒకరు మిగలాలంటే 99 మంది నిష్క్రమించాలి. కనుక 99 పోటీలు. మొదటి రౌండు తర్వాత 64 మంది మిగిలితే ఆపై ప్రతిసారీ సంఖ్య సగమవుతుంది. అందుకోసం మేటి ఆటగాళ్లు 28 మందికి బై ఇచ్చి, మిగిలిన 72 మందితో 36 పోటీలు ఆడించారు. 28, 36 కలిపితే 64!

పోటీ సమానమైతే ఏం చేయాలో కూడా ముందే రాసి ఉంది. మామూలు ఆటలలో తేలకపోతే తక్కువ సమయం గల వేగవంతమైన ఆటలు, వాటిలోనూ తేలకపోతే ఇంకా వేగవంతమైనవి. ఈ పద్ధతి అదృష్టానికి ఎక్కువ చోటిస్తుందని విమర్శించినవారున్నారు. కాని ఫలితం వచ్చాక నిబంధనేమిటని ఎవరూ వెతుక్కోవలసి రాలేదు. విశ్వనాథన్ ఆనంద్ న్యూఢిల్లీలో ఒక్కొక్క అంచె దాటి, టెహరాన్‌లో జరిగిన ఫైనల్లో అలెక్సీ షిరోవ్‌ను 3.5–0.5తో ఓడించాడు. డిసెంబరు 24న ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

అదే సమయంలో అమెరికాలో నవంబరు 7న జరిగిన ఎన్నిక ఇంకా తేలలేదు. ఫ్లోరిడాలోని 25 ఎలక్టోరల్ ఓట్లు ఎవరికి దక్కితే వారే అధ్యక్షుడు. తేడా చాలా తక్కువగా ఉంటే యంత్రాలతో మళ్లీ లెక్కించాలన్న నిబంధన ఉంది. ఆ పని జరిగింది. చిక్కు ఆ తర్వాత వచ్చింది. చాలా జిల్లాల్లో ఓటరు కార్డుకు రంధ్రం చేసి ఓటు వేయాలి. కొన్ని కార్డుల్లో రంధ్రం పూర్తిగా పడలేదు. కాగితపు ముక్క ఒక మూల వేలాడుతూ ఉండిపోయింది. కొన్నింటిలో నొక్కు మాత్రమే కనిపించింది. ఇది ఓటా, కాదా? ఓటరు ఉద్దేశాన్ని గమనించాలని చట్టం చెప్పింది గాని, నొక్కు పడితే చాలా, ముక్క ఊడాలా అన్నది చెప్పలేదు. ఒక్కో జిల్లాలో ఒక్కో విధంగా లెక్కించారు. డిసెంబరు 12న సుప్రీం కోర్టు చేతి లెక్కింపును నిలిపివేసింది. జార్జి బుష్ ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో గెలిచినట్లు ఖాయమైంది. దేశం మొత్తం మీద అల్ గోర్‌కు 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా, ఎలక్టోరల్ ఓట్లలో బుష్‌కు 271, గోర్‌కు 266 వచ్చాయి.

దేశమంతటా ఎక్కువ ఓట్లు వచ్చినవాడు ఓడిపోవడం చాలామందికి వింతగా తోచింది. కాని ఆ నిబంధన ముందు నుంచీ ఉన్నదే. అభ్యర్థులిద్దరూ దానిని తెలిసే బరిలో దిగారు. అమెరికన్లను ఏళ్ల తరబడి వేధించిన గాయం అది కాదు, కార్డును చదివే నిబంధన పోటీ ముగిశాక తయారు కావడం. అప్పటికి ఏ నిర్ణయం ఎవరికి లాభమో అందరికీ తెలుసు. అందుకే ఏ తీర్పు వచ్చినా సగం మంది దానిని పక్షపాతమే అన్నారు.

కనెక్షన్ పోయినప్పుడు

మూడో ప్రశ్న మిగిలింది. దానికి ఉదాహరణ మన జట్టు కథే. కోవిడ్ కారణంగా 2020లో చదరంగ ఒలింపియాడ్‌ను ఫిడే ఆన్‌లైన్‌లో నిర్వహించింది. 160కి పైగా దేశాల జట్లు పాల్గొన్నాయి. భారత జట్టులో ఆనంద్‌తో పాటు మన తెలుగువారు కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ ఉన్నారు. ఢిల్లీ పొరుగున ఉన్న నోయిడా నుంచి వంతికా అగ్రవాల్ ఉంది.

క్వార్టర్ ఫైనల్లో భారత్‌కు ఆర్మేనియా ఎదురైంది. నిహాల్ సరీన్‌తో ఆడుతున్న ఆర్మేనియా ఆటగాడికి కనెక్షన్ తెగి సమయం అయిపోయింది. అతడు ఓడినట్లు లెక్క. తమ ఇంటర్నెట్ బాగానే ఉందని ఆర్మేనియా ఫిర్యాదు చేసింది. కనెక్షన్ బాధ్యత ఆటగాడిదే అన్నది నిబంధన. అప్పీళ్ల కమిటీ ఫిర్యాదును తిరస్కరించింది. ఆర్మేనియా నిరసనగా పోటీ నుంచి తప్పుకుంది. భారత్ ముందుకు వెళ్లింది.

రెండు రోజుల తర్వాత, ఆగస్టు 30న, రష్యాతో ఫైనల్. మొదటి పోటీ 3–3తో సమానం. రెండో పోటీ సాగుతుండగా ప్రపంచమంతటా ఇంటర్నెట్‌లో పెద్ద అంతరాయం ఏర్పడింది. ఈసారి నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్‌ల కనెక్షన్లు తెగి, వారి సమయం అయిపోయింది. నిబంధనను అక్షరాలా పాటిస్తే రష్యా గెలిచినట్లే. భారత్ అప్పీలు చేసింది. కమిటీలో ఏకాభిప్రాయం కుదరలేదు. చివరకు ఫిడే అధ్యక్షుడు అర్కాదీ ద్వోర్కోవిచ్ రెండు జట్లకూ స్వర్ణ పతకాలు ప్రకటించాడు.

ఆ నిర్ణయం మనకు సంతోషం కలిగించింది. అయినా ఒక్క క్షణం ఆర్మేనియా విద్యార్థి స్థానంలో నిలబడి చూడండి. రెండు ఘటనల మధ్య తేడా లేకపోలేదు. ఫైనల్ నాటి అంతరాయం ఏ ఒక్కరి ఇంటిదో కాదు, వేలాది వెబ్‌సైట్లను తాకింది. ఆ తేడాకు న్యాయం చేయవలసిందే. కాని ఇంటి కనెక్షన్ పోవడం ఒకటి, లోకమంతటా దారి మూసుకుపోవడం మరొకటి అని నిబంధనల్లో ముందే రాసి ఉంటే, ఫైనల్ ఫలితం ఒక వ్యక్తి నిర్ణయానికి వదలవలసి వచ్చేది కాదు. పతకం అందుకున్నవారి మీద కూడా ఎవరూ వేలెత్తి చూపే అవకాశం ఉండేది కాదు.

పోటీకి ముందు రాయవలసిన కాగితం

న్యూఢిల్లీలోని ఎన్నికల సంఘం అమలు చేసే చట్టంలోనూ ఇలాంటి ముందుచూపు ఒకటి ఉంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 65వ సెక్షన్ ప్రకారం ఇద్దరు అభ్యర్థులకు సమానంగా ఓట్లు వస్తే రిటర్నింగ్ అధికారి లాటరీ తీస్తాడు. చీటీ ఎవరికి పడితే వారికి ఒక ఓటు అదనంగా వచ్చినట్లు లెక్క. లాటరీ అనగానే చిన్నచూపు చూడనక్కరలేదు. చీటీకి పార్టీ లేదు, కులం లేదు. పైగా ఆ నిబంధన ఎవరికి లాభిస్తుందో చట్టం చేసిన నాడు ఎవరికీ తెలియదు. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సి.పి. జోషి ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు. ఇంకొక్క ఓటు పడి ఉంటే అక్కడ చీటీ తీయవలసి వచ్చేది.

కాబట్టి మన ఢిల్లీ విద్యార్థులు ఆటను ఎంచుకోవడానికి ముందు ఒక కాగితం మీద కొన్ని విషయాలు రాసుకోవాలి. ఎవరు ఎవరితో ఆడతారో చీటీలతో నిర్ణయిస్తే, ఆ చీటీలు అందరి ఎదుట తీయాలి. 269–269 వస్తే ఏం చేయాలి? కనెక్షన్ పోతే ఎన్ని నిమిషాలు ఆగాలి? ఒకరిది పోతే ఏం చేయాలి, అందరిదీ పోతే ఏం చేయాలి? ఫిర్యాదు వస్తే ఎవరు తీర్పు చెబుతారు? ఆ తీర్పరి పోటీలో ఆడేవాడు కాకూడదు. రాసిన ప్రతి నిబంధన పక్కన, అది తమకు ప్రతికూలంగా పడినా ఒప్పుకుంటామని ఆటగాళ్లందరూ సంతకం చేయాలి.

ఇంత చేసినా ఏదో ఒకటి మరుగున పడుతుంది. 1800లో అమెరికా రాజ్యాంగానికి, 2020లో ఫిడేకు అదే జరిగింది. అప్పుడు ఉన్నంతలో సబబైన నిర్ణయం తీసుకుని, వచ్చే ఏడాది కాగితంలో ఆ వాక్యం చేర్చాలి. 12వ సవరణ అలా చేర్చిన వాక్యమే. ఓడిన ఆటగాడు చేయి కలిపి, వచ్చే ఏడు మళ్లీ పేరు ఇస్తే ఆ కాగితం బాగా రాసినట్లు.